ట్రాక్టరు గేరు మొరాయిస్తోందా? విప్పే ముందు ఇవి చూడండి

దమ్ము జరుగుతుండగా ట్రాక్టరు మడిలో ఆగిపోతే రైతుకు ఒక్కసారే మూడు నష్టాలు. నారు ముదురుతుంది. నీళ్ల వంతు దాటిపోతుంది. నాట్ల కూలీలకు చెప్పిన రోజు తప్పిపోతుంది. ఆ తొందరలో వచ్చిన మెకానిక్కు 'గేరు బాక్సు పోయింది, విప్పాలి' అంటే సరేననడం తప్ప మరో దారి తోచదు. అయితే గేరు పడకపోయినా, బండి లాగకపోయినా తప్పు ప్రతిసారీ గేరు బాక్సుదే కాదు. క్లచ్చి పెడలు సర్దుబాటు తప్పినా, ఆయిలు తగ్గినా, ఆయిల్లో నీళ్లు కలిసినా పైకి కనిపించే లక్షణాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోకుండా విప్పదీస్తే స్పానరు తిప్పితే పోయేదానికి వేలు వదులుతాయి.

నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నె, ఆ చుట్టుపక్కల తీర గ్రామాల రైతులు ఈ విషయంలో మరికాస్త జాగ్రత్తగా ఉండాలి. సముద్రపు గాలి, ఉప్పు నేల, బురద మడి, ఈ మూడూ ట్రాక్టరుకు గిట్టనివే. ఒకే బండి దమ్ము చేయాలి, ట్రాలీ లాగాలి, రొయ్యల చెరువు గట్టు పనికీ పోవాలి. ఒకటి రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు ఉంటే అది చాలాసార్లు సెకండు హ్యాండుదే అయి ఉంటుంది. లేకుంటే నలుగురు కలిసి వాడుకునేది. అలాంటి బండి చెడేముందు ఏం చెబుతుందో తెలుసుకోవడం దున్నడం తెలుసుకున్నంత అవసరం.

శక్తి వెళ్లే దారి

ఇంజనులో పుట్టిన శక్తి నేరుగా చక్రానికి పోదు. మొదట క్లచ్చి. ఇంజను వెనక ఉండే బరువైన ఫ్లైవీలుకు క్లచ్చి ప్లేటు గట్టిగా అదుముకుని ఉంటుంది. పెడలు తొక్కితే ప్లేటు వదులై శక్తి ఆగిపోతుంది. వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. ఆ తర్వాత గేరు బాక్సు. అది వేగాన్ని తగ్గించి లాగుడు పెంచుతుంది. దాని వెనక డిఫరెన్షియలు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగనిచ్చేది ఇదే. చివరగా ఇరుసులు, పెద్ద చక్రాలు. గేరు బాక్సు నుంచే మరో శాఖ వెనక ఉన్న పీటీవో షాఫ్టుకు పోయి రోటావేటరును తిప్పుతుంది.

కారుకు ఇంజను, గేరు బాక్సు బాడీలో బిగించి ఉంటాయి. గేరు బాక్సును విడిగా కిందికి దించవచ్చు. మన వాడుకలోని చాలా ట్రాక్టర్లకు ఆ వీలు లేదు. ఇంజను, క్లచ్చి గూడు, గేరు బాక్సు, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండికి వెన్నెముక. అందుకే క్లచ్చి ప్లేటు ఒక్కటి మార్చాలన్నా ట్రాక్టరును నడుము దగ్గర రెండుగా విడదీయాల్సి వస్తుంది. విప్పి బిగించే కూలి, పని పోయిన రోజులు కలిపి లెక్కేసుకుంటే, విప్పే ముందు ఓ పావుగంట పరీక్షకు ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

దీపాలు ఏం చెబుతాయి?

స్టీరింగు ముందున్న మీటరు పెట్టెలోని దీపాలకు ఓ పద్ధతి ఉంది. ఎరుపు అంటే ఆపు. పసుపు లేదా నారింజ అంటే త్వరలో చూపించు. ఆకుపచ్చ, నీలం అంటే ఫలానాది పనిచేస్తోందని తెలపడం మాత్రమే. నీలం వెలిగితే హెడ్‌లైటు పై చూపులో ఉందని అర్థం. ట్రాక్టరుకైనా, కారుకైనా, సరుకుల ఆటోకైనా ఈ రంగుల లెక్క ఒక్కటే.

తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయక ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. నూనె డబ్బా గుర్తు దీపం, బ్యాటరీ గుర్తు దీపం రెండూ వెలగాలి. ఇంజను అందుకున్న కొద్ది సెకన్లలో రెండూ ఆరిపోవాలి. అసలు వెలగకపోతే 'ఏ జబ్బూ లేదు' అని సంతోషించకండి. బల్బు మాడి ఉండొచ్చు, వైరు ఊడి ఉండొచ్చు. వెలగని దీపం పట్టుకున్న కావలివాడి వల్ల ప్రయోజనం లేదు.

నూనె డబ్బా గుర్తు: ఇంజను ఆయిలు పీడనం పడిపోయిందని దీని అర్థం. పనిలో ఉండగా ఇది వెలిగితే ఇంజను ఆ చోటే ఆపేయాలి. 'ఈ సాలు ముగించి గట్టుకు చేరుద్దాం లే' అనుకునే ఆ రెండు నిమిషాల్లో క్రాంకు బేరింగులు అరిగి ఇంజనే పట్టేయవచ్చు. ఆపాక కాసేపు ఆగి డిప్‌స్టిక్కు తీసి చూడండి. ఆయిలు తక్కువుంటే ఎక్కడ కారిందో చూసి పోయాలి. సరిపడా ఉండీ దీపం వెలుగుతుంటే మళ్లీ స్టార్టు చేయకుండా మెకానిక్కుకు కబురు పెట్టాలి. ఇంజను బాగా వేడెక్కి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు దీపం మిణుకు మిణుకుమంటే ఆయిలు పలచబడిందో, బేరింగులు అరుగుతున్నాయో అనుమానించాలి.

బ్యాటరీ గుర్తు: డైనమో ఛార్జి ఇవ్వడం లేదని. ఇంజను పరుగెడుతూనే ఉంటుంది కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. కాని ఫ్యాను బెల్టు తెగినా ఈ దీపమే వెలుగుతుంది. చాలా ట్రాక్టర్లలో అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగిన బండిని నడిపితే ఇంజను కాగిపోతుంది. కాబట్టి ఆపి బెల్టు చూడండి. బెల్టు బాగుంటే అప్పుడు వైర్లు, డైనమో సంగతి.

వేడి ముల్లు: ముల్లు ఎరుపు గీత వైపు పోతుంటే ముందు బరువు తీసేయండి. గేరు న్యూట్రల్లో పెట్టి ఇంజనును కాసేపు నెమ్మదిగా నడవనివ్వండి. బెల్టు తెగినా, పైపు పగిలి నీళ్లు కారిపోతున్నా మాత్రం వెంటనే ఆపాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయవద్దు. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లారాక రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న పొట్టు, గడ్డి దులపండి.

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన పెద్ద బండ్లలో ఇంజనును కంప్యూటరు నడిపిస్తుంది. వీటికి కార్లలో మాదిరిగా ఇంజను బొమ్మ దీపం ఉంటుంది. అది వెలిగితే స్పానరుతో తేలదు, కంపెనీ వారి పరికరం పెట్టి చదవాలి. మన పల్లెల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగానికి ఈ బెడద లేదు.

గేరు బాక్సుకు దీపం లేదు

ఇప్పటిదాకా చెప్పిన దీపాలన్నీ ఇంజనుకు, బ్యాటరీకి చెందినవి. ఆటోమేటిక్ గేర్ల కార్లలో గేరు బాక్సు వేడెక్కినా, చెడినా చెప్పే దీపం ఉంటుంది. మామూలు ట్రాక్టరులో క్లచ్చికి గాని, గేర్లకు గాని, డిఫరెన్షియలుకు గాని ఒక్క దీపమూ ఉండదు. దీపాలన్నీ ఆరి ఉన్నాయి కదా, అంతా బాగున్నట్టేనని డ్రైవరు అనుకుంటాడు. లోపల ఆయిలు లేక పళ్లు నలుగుతున్నా మీటరు పెట్టె నోరు మెదపదు.

కాబట్టి ఇక్కడ మన చెవి, ముక్కు, పాదం, డిప్‌స్టిక్కు, ఇవే హెచ్చరిక దీపాలు. మోత చెవికి తెలుస్తుంది. కాలిన వాసన ముక్కుకు తెలుస్తుంది. పెడలు ఎక్కడ పడుతోందో పాదానికి తెలుస్తుంది. వీటిని ఎలా చదవాలో చూద్దాం.

పరీక్షలు చేసేటప్పుడు బండి చదునైన బయలు నేల మీద ఉండాలి. ముందు, వెనక మనుషులు, పిల్లలు ఉండరాదు. పీటీవో తీసేయాలి. రోటావేటరు నేల మీద ఆనించాలి. పంచె చెరగు, తువ్వాలు తిరిగే బెల్టు దగ్గరికి పోనివ్వవద్దు. ఇంజను నడుస్తుండగా బండి కిందికి దూరవద్దు.

క్లచ్చి జారుతోందా, వదలడం లేదా?

క్లచ్చికి జబ్బులు రెండు. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోకపోవడం ఒకటి. వదలాల్సినప్పుడు వదలకపోవడం రెండోది.

పట్టుకోకపోతే దాన్ని క్లచ్చి జారడం అంటాం. ఇంజను రయ్యిమని అరుస్తుంది, బండి మాత్రం కదలదు, కదిలినా ఈడుస్తుంది. ఖాళీగా రోడ్డు మీద బాగానే పోతుంది. మడిలో దింపినా, నిండు ట్రాలీ తగిలించినా తేలిపోతుంది. కాలిన వాసన వస్తుంది. అనుమానం తీరాలంటే రెండు బ్రేకు పెడళ్లు కలిపి లాకు వేసి, పార్కింగు బ్రేకు బిగించి, పెద్ద గేరులో పెట్టి, ఇంజను కొంచెం లేపి, క్లచ్చి మెల్లగా వదలండి. క్లచ్చి బాగుంటే ఇంజను బరువుకు ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. వెంటనే పెడలు తొక్కేయాలి. ఈ పరీక్ష ఒక్కసారి, కొన్ని సెకన్లే. పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలిపోతుంది.

వదలకపోవడం రెండో జబ్బు. పెడలు పూర్తిగా తొక్కినా ప్లేటు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. గేరు వేయబోతే గరగరమని పళ్లు రాసుకుంటాయి. చాలామంది గేరు బాక్సు పోయిందని బెదిరిపోయేది ఇక్కడే. దీన్ని తేల్చడానికి తేలికైన ఉపాయం ఉంది. ఇంజను ఆపేసి గేర్లు ఒక్కొక్కటే వేసి చూడండి. పళ్లు ఎదురెదురుగా ఉంటే ఒక్కోసారి పడదు, బండిని కొంచెం ముందుకు వెనక్కు ఊపి మళ్లీ వేయండి. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే గరగరమంటే లోపం క్లచ్చి వైపు ఉంది, గేర్ల వైపు కాదు. ఇంజను ఆపినా పడకపోతే అప్పుడు గేరు రాడ్డు, ఫోర్కు, లోపలి గేర్ల సంగతి చూడాలి.

ఈ రెండు జబ్బులకూ మొదట చూడాల్సింది పెడలే. పెడలును చేత్తో నొక్కితే మొదట కొంత దూరం బరువు లేకుండా వదులుగా దిగాలి. దీన్నే మెకానిక్కులు 'ప్లే' అంటారు. చాలా ట్రాక్టర్లకు ఇది అంగుళం నుంచి అంగుళంన్నర దాకా ఉంటుంది. మీ బండికి ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగే కొద్దీ ఈ ప్లే తగ్గిపోతుంది. పూర్తిగా పోతే క్లచ్చి జారుతుంది. ప్లే మరీ ఎక్కువైతే క్లచ్చి వదలదు. రెండింటికీ వైద్యం పెడలు కింది రాడ్డు నట్టు తిప్పి సరిచేయడమే. సరిచేశాక కూడా జబ్బు తగ్గకపోతేనే విప్పే మాట.

రోటావేటరు వాడేవారి బండికి డబుల్ క్లచ్చి ఉంటే పెడలు సగం తొక్కితే బండి ఆగాలి, పూర్తిగా తొక్కితే పీటీవో ఆగాలి. బండి ఆగి పీటీవో ఆగకుంటే ఈ సర్దుబాటు తప్పిందని గ్రహించాలి. ఆ స్థితిలో రోటావేటరు దగ్గరికి పోవడం ప్రాణాపాయం.

మోత ఎప్పుడు వస్తోంది?

'గేరు బాక్సులో మోత' అని చెబితే మెకానిక్కుకు సగమే చెప్పినట్టు. ఏం చేసినప్పుడు వస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది అనేది చెబితే మోత ఎక్కడిదో తెలిసిపోతుంది.

ఇంజను నడుస్తోంది, గేరు న్యూట్రల్లో ఉంది. క్లచ్చి తొక్కగానే కిర్రుమని మోత మొదలైతే క్లచ్చి బేరింగు అరిగింది. తొక్కక ముందు మోత ఉండి, పూర్తిగా తొక్కగానే ఆగిపోతే గేరు బాక్సు ముందు షాఫ్టు బేరింగు మీద అనుమానం.

ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు పళ్లు దెబ్బతిన్నాయి. ఆ గేరు మానేసి నడిపేద్దాం అనుకోవద్దు. విరిగిన పన్ను ముక్క మరో రెండు పళ్ల మధ్య పడితే మొత్తం పెట్టె పాడవుతుంది.

అన్ని గేర్లలోనూ, బండి కదిలేటప్పుడు ఊళ పెట్టినట్టు మోత వస్తే డిఫరెన్షియలు పళ్లెం చూడాలి. నేరుగా పోయేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి మలుపులో టకటకమంటే డిఫరెన్షియలులోని చిన్న గేర్లు. ఒక పక్క చక్రం దగ్గరే మోత వినిపిస్తే ఆ పక్క ఇరుసు బేరింగు.

గేరు వేసిన కాసేపటికి దానంతటదే న్యూట్రల్లోకి జారుతుంటే ఒక్కోసారి గేరు రాడ్డును నిలిపి ఉంచే చిన్న గుండు, స్ప్రింగు బలహీనపడి ఉంటాయి. చాలా బండ్లలో ఇవి పైమూత తీస్తే అందుతాయి. పళ్లు అరిగినా ఇలాగే జారుతుంది. ముందు తేలికైనది చూడమని అడగండి. గేరు లీవరును చేత్తో పట్టుకుని నడిపే అలవాటు మాత్రం మానాలి. దానివల్ల ఫోర్కు అరుగుతుంది. గట్టు దిగేటప్పుడు, నిండు ట్రాలీతో పల్లానికి పోయేటప్పుడు గేరు జారితే బండి అదుపు తప్పుతుంది. అలాంటి బండిని బాగుచేయించే దాకా ట్రాలీకి కట్టకండి.

డిప్‌స్టిక్కు చెప్పే సంగతులు

ఇంజను ఆయిలు రోజూ చూసే రైతు కూడా గేరు ఆయిలు చూడడం మరచిపోతాడు. దానికి వేరే డిప్‌స్టిక్కు ఉంటుంది. కొన్ని బండ్లకు పక్కన బిరడా ఉంటుంది. చాలా ట్రాక్టర్లలో గేరు బాక్సు, డిఫరెన్షియలు, లిఫ్టు హైడ్రాలిక్కు అన్నింటికీ ఒకటే ఆయిలు. అందుకే లిఫ్టు నాగలిని కుదుపుతో ఎత్తుతున్నా, ఎత్తాక జారుతున్నా గేరు ఆయిలు మట్టం కూడా చూడాలి.

బండి చదునుగా, చల్లగా ఉన్నప్పుడు ఉదయం పూట డిప్‌స్టిక్కు తీయండి. ఆయిలు రంగు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయి. దమ్ములో ఇరుసుల దాకా మునిగి తిరిగే బండికి సీళ్లు, బ్రేకు గూళ్లు, గేరు లీవరు రబ్బరు తొడుగు దగ్గర నీళ్లు దూరతాయి. నీళ్ల ఆయిలు గేర్లను జిడ్డు పట్టనివ్వదు, బేరింగులకు తుప్పు ఎక్కిస్తుంది. కింద బిరడా తిప్పి పైపైన నీళ్లు వదిలేస్తే సరిపోదు. మొత్తం ఆయిలు మార్చి, నీళ్లు వచ్చే సీలు కూడా మార్చాలి.

ఆయిలు దించేటప్పుడు బిరడాను శుభ్రమైన గుడ్డ మీద తుడిచి చూడండి. చాలా బిరడాలకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద నల్లటి మెత్తని పేస్టులా కొంచెం పట్టి ఉంటే అది మామూలు అరుగుదలే. మెరిసే పెళ్లలు, పన్ను ముక్కలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆ ముక్కలు కాగితంలో చుట్టి మెకానిక్కుకు చూపించండి.

ఏ ఆయిలు పడితే అది పోయవద్దు. బ్రేకులు ఆయిల్లో మునిగి ఉండే బండ్లకు దానికి తగిన ఆయిలు వేరే ఉంటుంది. చిక్కగా ఉందని మరో రకం పోస్తే బ్రేకులు కిచకిచమంటాయి, లిఫ్టు మొండికేస్తుంది. దించిన పాత ఆయిలును కాలువలోనో, చెరువు గట్టు మీదో పారబోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య ఉండే క్లచ్చి గూడు అడుగున చాలా బండ్లకు చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ ఆయిలు చుక్కలు కనిపిస్తే ఇంజను వెనక సీలో, గేరు బాక్సు ముందు సీలో కారుతోందన్నమాట. ఆయిలు తగిలిన క్లచ్చి ప్లేటు జారక తప్పదు. కొన్ని ట్రాక్టర్లలో దమ్ముకు దిగే ముందు ఆ రంధ్రానికి మూత బిగించాలని, పని అయ్యాక తీయాలని కంపెనీ పుస్తకంలో చెబుతారు. మూత తీయడం మరిస్తే లోపల చేరిన తేమ బయటికి పోదు.

ఉప్పు గాలికి ఉపాయం

తీరంలో ఇంకో చిక్కు ఉంది. పనులు లేని రోజుల్లో బండిని నెలా రెండు నెలలు కదపకుండా ఉంచితే క్లచ్చి ప్లేటు తుప్పుకు ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. అక్టోబరులో వానలు మొదలై దమ్ముకు తీయబోతే పెడలు తొక్కినా గేరు పడదు. ప్లేటులో ఏ లోపమూ లేకున్నా బండి విప్పాల్సి వస్తుంది. అందుకే పక్కన పెట్టేటప్పుడు పెడలును పూర్తిగా తొక్కి ఉంచాలి. కొన్ని బండ్లకు దీనికోసమే కొక్కెం ఉంటుంది. లేకపోతే చెక్క దిమ్మె అడ్డం పెట్టి బిగించవచ్చు. స్టార్టు చేసే ముందు అది తీయడం మరవద్దు. వారానికోసారి ఇంజను వేసి, నాలుగడుగులు ముందుకు వెనక్కు నడిపి, క్లచ్చి పదిసార్లు తొక్కి వదిలితే ఇంకా మంచిది.

ఉప్పు గాలికి వైర్ల కొసలు, బ్యాటరీ బిగింపులు పచ్చటి చిలుము పడతాయి. అప్పుడు దీపాలు అబద్ధం చెబుతాయి. వెలగాల్సినవి వెలగవు, ఆరాల్సినవి ఆరవు. నెలకోసారి బ్యాటరీ బిగింపులు విప్పి, వేడి నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజలీను రాసి బిగించండి. విప్పేటప్పుడు ముందు ఎర్తు వైరు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. ఎర్తు వైరు బాడీకి కలిసే చోట కూడా గరుకు కాగితంతో రుద్దాలి.

ఉప్పు మళ్లలోకి పోయినా, ఇసుక రేవులో పడవను లాగినా బండిని ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగాలి. సముద్రపు నీటిలోకి మాత్రం బండిని దింపవద్దు. కడిగేటప్పుడు నీళ్ల ధారను సీళ్ల మీద, గేరు లీవరు తొడుగు మీద, మీటరు పెట్టె మీద నేరుగా కొట్టకూడదు. కడిగాక గ్రీజు పెట్టి వదలాలి.

డ్రైవరు చేతిలో ఉన్నది

క్లచ్చిని చంపేది చాలాసార్లు మడి కాదు, పాదం. పని జరుగుతున్నంతసేపూ పెడలు మీద కాలు ఆనించి ఉంచితే ప్లేటు సగం పట్టు మీద రాసుకుంటూ అరుగుతుంది. గట్టు ఎక్కేటప్పుడు బ్రేకుకు బదులు క్లచ్చితో బండిని నిలపడం, బురదలో కూరుకుపోయినప్పుడు సగం క్లచ్చితో గుంజడం కూడా అంతే. కూరుకుపోతే దిగి, చక్రాల ముందు మట్టి తీసి, చెక్కలు వేసి లాగాలి. పాత ట్రాక్టర్లలో బండి పూర్తిగా ఆగాకే గేరు మార్చాలి. కదులుతుండగా తోస్తే పళ్లు కొరుక్కుంటాయి.

2022లో మన రాష్ట్రంలో రైతు బృందాలకు ట్రాక్టర్లు పంపిణీ అయ్యాయి. పలువురు నడిపే బండికి ఒక నోటు పుస్తకం కట్టి సీటు కింద పెట్టండి. ఎవరు ఏ రోజు నడిపారు, ఆయిలు ఎప్పుడు మార్చారు, ఏ మోత విన్నారు అనేది రెండు ముక్కలు రాయండి. నలుగురి బండికి నలుగురూ చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు.

యంత్రం పని నేర్చుకోదలచిన యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, మరమ్మతుల మీద అక్కడ శిక్షణ ఇస్తారు. ఊరికి ఒక్కరు నేర్చుకుని వచ్చినా పదిమందికి ఉపయోగం.

విప్పక తప్పనప్పుడు

ఇవన్నీ చూశాక కూడా విప్పాల్సిందేనని తేలితే వెనకాడవద్దు. ఆలస్యం చేస్తే చిన్న జబ్బు పెద్దదవుతుంది. కాని మెకానిక్కుతో ముందే మాట్లాడుకోండి. ఏ లక్షణం ఎప్పుడు కనిపించిందో చెప్పండి. కూలి ఎంతో, సామాన్లు ఎవరు తేవాలో తేల్చుకోండి. పాత సామాన్లు తనకు ఇవ్వమని అడగడం రైతు హక్కు.

బండి రెండుగా విడిపోయాక క్లచ్చి ప్లేటు ఒక్కటే మార్చి బిగించేయవద్దు. ప్రెజరు ప్లేటు, క్లచ్చి బేరింగు, ఫ్లైవీలు మధ్యనుండే చిన్న బేరింగు, రెండు వైపులా సీళ్లు అప్పుడే చూడాలి. అరుగుదల కనిపించినవి ఆ ఊపులోనే మార్చాలి. లేకపోతే నాలుగు నెలలకు సీలు కారితే మళ్లీ అదే కూలి, మళ్లీ అవే రోజులు.

పాత ట్రాక్టరు కొనేవారు కొత్త రంగు చూసి మోసపోకండి. ఉదయం పూట, ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. ముందే వేడి చేసి పెడితే మళ్లీ వస్తామని చెప్పండి. పైన చెప్పిన పరీక్షలన్నీ వరసగా చేయండి. గేరు ఆయిలు మరీ చిక్కగా, మరీ కొత్తగా ఉంటే మోత దాచడానికి పోశారేమో అడగండి. ఖాళీగా రోడ్డు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. నాగలి దింపి రెండు సాళ్లు దున్ని చూడాలి. క్లచ్చి గుట్టు బరువులోనే బయటపడుతుంది.

గుర్తుంచుకోండి

రోజూ: తాళం తిప్పినప్పుడు దీపాలు వెలిగాయా, స్టార్టు అయ్యాక ఆరాయా చూడాలి. ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్లు చూడాలి. బండి నిలిపిన చోట నేల మీద చుక్కలు వెతకాలి.

వారానికోసారి: గేరు ఆయిలు మట్టం, రంగు. క్లచ్చి పెడలు ప్లే. ఫ్యాను బెల్టు బిగువు. దమ్ము రోజుల్లో గేరు ఆయిలు రోజూ చూడాలి.

ఎర్ర దీపం వెలిగితే: సాలు మధ్యలో ఉన్నా ఆపాలి.

గేరు గరగరమంటే: ముందు ఇంజను ఆపి గేరు వేసి చూడాలి, తర్వాత పెడలు ప్లే చూడాలి, ఆ తర్వాత ఆయిలు చూడాలి. ఈ మూడూ చూశాకే స్పానరు పట్టాలి.